లాడ్జి సెంటర్ అంటే తప్పు ఇంగ్లీషా? సెంటర్ అనే మాట వెనుక సంగతులు

గుంటూరు లాడ్జి సెంటర్లో పుట్టి పెరిగి, ఇప్పుడు ఉద్యోగరీత్యా పుణెలో ఉంటున్న మీరు, మీ ఊరి గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాస్తూ ‘మా గుంటూరులో చాలా సెంటర్లు ఉన్నాయి, మా ఇల్లు లాడ్జి సెంటర్లో’ అన్నారనీ, అది చదివిన సహోద్యోగి ‘ఊరికి సెంటర్ ఒక్కటే కదా, చాలా ఎలా ఉంటాయి? మీ కుటుంబం లాడ్జిలో ఉంటుందా?’ అని అడిగారనీ రాశారు. మన వాడుక తప్పా, ఇంగ్లీషులో సెంటర్‌కూ మిడిల్‌కూ తేడా ఏమిటి, కేంద్రం అనే మాట సెంటర్‌కు చేసిన అనువాదమేనా అన్నవి మీ ప్రశ్నలు. నేను గుంటూరులో చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పి, ఆ తరువాత ప్రభుత్వ పత్రాలను రెండు భాషల మధ్య అనువదించే పనిలో పడినవాణ్ణి కనుక, ఈ మాటతో నాకు రోజూ పని పడుతూనే ఉంటుంది. ముందుగా క్లుప్తంగా చెప్పాలంటే, తెలుగు మాటగా లాడ్జి సెంటర్‌లో ఏ తప్పూ లేదు. ఇంగ్లీషు వాక్యంలో దాన్ని ఉన్నదున్నట్టు పెడితే మాత్రం బయటివాడికి మరో అర్థం తోస్తుంది. ఆ రెండో అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే మాట పుట్టుక దగ్గరకు వెళ్లాలి.

ఇంగ్లీషులోకి సెంటర్ 14వ శతాబ్దంలో ఫ్రెంచి ద్వారా వచ్చింది, ఫ్రెంచికి లాటిన్ సెంట్రమ్ నుంచి, లాటిన్‌కు గ్రీకు కెంట్రాన్ నుంచి వచ్చింది. గ్రీకులో కెంట్రాన్ అంటే మొదట మధ్య అని కాదు. పొడవడానికి పనికివచ్చే వాడి మొన అని అర్థం. తేనెటీగ ముల్లును, ఎద్దును అదిలించే కర్ర చివరి ఇనుప ముల్లును కూడా ఆ మాటతోనే పిలిచేవారు. అంటే మన పల్లెల్లో బండి తోలేవాడి చేతిలో ఉండే ముల్లుగర్ర మొనే అచ్చమైన కెంట్రాన్. గుంటూరు జిల్లాలో చర్చికి వెళ్లే కుటుంబాలకు ఈ అర్థం తెలియకుండానే తెలుసు. బైబిలులో అపొస్తలుల కార్యముల గ్రంథం 26వ అధ్యాయంలో పౌలు తన కథ చెప్పుకునేచోట, తెలుగు పాఠంలో ‘మునికోలలకు ఎదురు తన్నుట’ అని ఉంటుంది. మునికోల అంటే ముల్లుగర్రే, గ్రీకు మూలంలో అక్కడ ఉన్న మాట కెంట్రాన్‌కు బహువచనం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మరణానికి ఉన్నదని చెప్పిన ‘ముల్లు’ కూడా అదే మాట.

ముల్లుకూ మధ్యకూ సంబంధం ఏమిటని అడిగితే, మీ చిన్ననాటి జామెట్రీ బాక్సులోని వృత్తలేఖినిని గుర్తు చేసుకోండి. దానికి ఒక కాలు పెన్సిలుది, మరొక కాలు సూది మొనది. సూది మొనను కాగితం మీద గుచ్చి, అది కదలకుండా అదిమిపెట్టి, రెండో కాలును తిప్పితే వృత్తం వస్తుంది. కాగితం ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తే మొన గుచ్చుకున్నచోట చిన్న చిల్లు కనబడుతుంది. గ్రీకు జ్యామితివేత్తలు ఆ గుచ్చే మొనను, దాని నుంచి అది గుచ్చిన బిందువును కెంట్రాన్ అన్నారు. కదలనిది, మిగిలినదంతా తన చుట్టూ తిరగడానికి ఆధారమైనది అన్న భావం అప్పటి నుంచి ఈ మాటను అంటిపెట్టుకుని ఉంది. ఇంగ్లీషువారికి మిడిల్ సొంత మాట, ఇంట్లో పుట్టినది. సెంటర్ చదువుతో పాటు వచ్చినది, కొలతతో కూడినది. వాటి తేడా అంతా ఇందులోనే ఉంది.

అందువల్ల వృత్తానికి సెంటర్ ఉంటుంది, మిడిల్ ఉండదు; రోడ్డు మీద ఆవు పడుకుంటే అది రోడ్డుకు మిడిల్‌లో పడుకుంటుంది, సెంటర్‌లో పడుకున్నదంటే ఎవరో టేపు పెట్టి కొలిచి పడుకోబెట్టినట్టు ఉంటుంది. జనవరి నడిమధ్య, భోజనం మధ్యలో, మాట మధ్యలో, అర్ధరాత్రి వేళ అన్న సందర్భాల్లో ఎక్కడా సెంటర్ పనికిరాదు. కాలానికీ, జరుగుతున్న పనికీ ఉన్న నడుమ భాగం మిడిలే. రెండు చివరల నడుమ ఉన్నది మిడిల్. అన్ని వైపుల నుంచీ సమదూరంలో ఉన్నది, లేక అన్నీ వచ్చి చేరేది సెంటర్. మన విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే తెలుగులో ‘మధ్య’ ఒక్కటే ఈ రెండు పనులూ చేస్తుంది, పైగా ఇద్దరి మధ్య గొడవ అన్నప్పుడు బిట్వీన్ పని కూడా అదే చేస్తుంది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. కేంద్రం అనేది సెంటర్‌కు అనువాదం కాదు. రెండూ ఒకే మాట. గ్రీకు కెంట్రాన్ పడమటికి వెళ్లి సెంటర్ అయింది, తూర్పుకు వచ్చి కేంద్రం అయింది. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో గ్రీకు జ్యోతిషం మన దేశానికి వచ్చినప్పుడు దాని పారిభాషిక పదాలు సంస్కృతంలో చేరాయి. యవనజాతకం అనే గ్రంథం పేరులోనే ఆ సంగతి ఉంది. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడి నాటికి కేంద్రం, హోర, లిప్త, ద్రేక్కాణం, పణఫరం, ఆపోక్లిమం వంటివి జ్యోతిషులకు నిత్యపు మాటలైపోయాయి. వీటిని విద్వాంసులు గ్రీకు మూలాలకు ముడిపెట్టి చూపారు. మన పంచాంగాల్లో కనిపించే హోర, ఇంగ్లీషువారి అవర్ కూడా ఇలాగే ఒక తల్లి బిడ్డలు. మరోవైపు మధ్య, మిడ్ అనేవి ఎవరి నుంచి ఎవరూ తెచ్చుకోకుండానే చుట్టాలు. ఇండో యూరోపియన్ కుటుంబంలో పుట్టుకతోనే వచ్చిన బంధుత్వం అది. తెలుగు వాడి సొంత మాట నడుమ. ఒకే భావానికి ఇంటి మాట, సంస్కృతం మాట, సంస్కృతం మీదుగా వచ్చిన గ్రీకు మాట, ఇంగ్లీషు మీదుగా మళ్లీ వచ్చిన అదే గ్రీకు మాట ఇన్నీ మన నోట ఉన్నాయి.

మీ సహోద్యోగి వాదనకు జవాబు జాతక చక్రంలో ఉంది. గజకేసరి యోగం గురించి వినని తెలుగు ఇల్లు ఉండదు; చంద్రుడికి కేంద్రంలో గురుడు ఉంటే ఆ యోగం అంటారు. కేంద్రం అంటే చక్రం నట్టనడుమ ఉన్న ఖాళీ గడి అనుకుంటే ఈ వాక్యానికి అర్థం ఉండదు. లగ్నం నుంచి గానీ చంద్రుడి నుంచి గానీ ఒకటి, నాలుగు, ఏడు, పది స్థానాలు కేంద్రాలు. అంటే కేంద్రాలు నాలుగు, నాలుగూ అంచు మీదే ఉంటాయి, ఒక్కటీ మధ్యలో ఉండదు. గ్రీకు జ్యోతిషులు ఉదయించే బిందువును, నడినెత్తి బిందువును, అస్తమించే బిందువును, వాటికి అడుగున ఉండే బిందువును నాలుగు కెంట్రాలుగా లెక్కించారు. అవి చక్రాన్ని నిలబెట్టే మేకుల వంటివని వారి భావం. ఖగోళ గణితంలో మందకేంద్రం, శీఘ్రకేంద్రం అన్నప్పుడు కేంద్రం ఒక కోణం కొలత, అది అసలు ఒక చోటే కాదు. కనుక సెంటర్ ఒక్కటే ఉండాలన్నది వృత్తానికి వర్తించే నియమమే తప్ప, ఈ మాటకు పుట్టుకతో వచ్చిన నియమం కాదు. గుంటూరులో చాలా సెంటర్లు ఉన్నాయన్న మీ వాక్యాన్ని ఏ జ్యోతిషుడూ తప్పు పట్టడు.

జాతకం పక్కన పెట్టి వీధిలోకి వస్తే, కృష్ణా, గుంటూరు ప్రాంతంలో సెంటర్ అంటే రోడ్లు కలిసేచోటు, ఆ కలిసినచోట నాలుగు కొట్లు, ఒక టీ బండి, ఆటోలు ఆగే మూల ఉన్నచోటు. దీనికే విశాఖపట్నంలో జంక్షన్ అంటారు, అందుకే అక్కడ జగదాంబ జంక్షన్, మద్దిలపాలెం జంక్షన్. అనంతపురం వెళ్తే సప్తగిరి సర్కిల్. తెలంగాణలో చౌరస్తా, క్రాస్‌రోడ్స్. గుంటూరుకు వస్తే లాడ్జి సెంటర్, శంకర్ విలాస్ సెంటర్, హిందూ కాలేజీ సెంటర్, నాజ్ సెంటర్. బెజవాడలో అలంకార్ సెంటర్, లెనిన్ సెంటర్, పంజా సెంటర్, చిట్టినగర్ సెంటర్. బెజవాడలో బెంజ్ సర్కిల్ కూడా ఉంది, కానీ అక్కడ నిలబడి ఫోను మాట్లాడేవాడు ‘సెంటర్లో ఉన్నా’ననే అంటాడు. ఒక మనిషి రోడ్లు కలిసేచోటును ఏమంటాడో వింటే, అతను ఏ వైపువాడో ముప్పాతిక వంతు చెప్పేయవచ్చు.

ఈ పేర్లు ఎలా కడతారో గమనించండి. ముందు ఒక గుర్తు, తరువాత సెంటర్. ఆ గుర్తు సినిమా హాలు కావచ్చు, హోటలు కావచ్చు, కాలేజీ కావచ్చు, లెనిన్ సెంటర్లో లాగా విగ్రహం కావచ్చు. గుర్తు ఎన్ని అవతారాలు ఎత్తినా పేరు ఊడిపోదు. నాజ్ హాల్లో ఒక్క సినిమా చూడని పిల్లవాడు కూడా నాజ్ సెంటర్లో దిగాలనే కండక్టరుకు చెబుతాడు. మాట ఎంతగా మనదైపోయిందంటే, గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో ‘సెంటర్‌కి వెళ్లొస్తా’ అంటే మరే వివరమూ అక్కరలేదు. కాసేపు నలుగురిలో కూర్చుని, టీ తాగి, పేపరు చూసి రావడం అని ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. ‘మంచి సెంటర్లో కొట్టు’ అన్నప్పుడు అది జనం తిరిగే చోటు, అద్దె ఎక్కువ ఉండే చోటు. ఊరి మధ్య ఉన్నా జనం తిరగకపోతే అది సెంటర్ కాదు. ఊరి చివర బైపాస్ మీద రోడ్లు కలిసి, నాలుగు బళ్లు ఆగితే అది సెంటర్ అవుతుంది.

పాత ఊళ్లకు నిజమైన మధ్య స్థానం ఉండేది, దాని పేరు బొడ్డురాయి. ఊరు కట్టేటప్పుడు నాటిన రాయి అది, దాన్ని నాభిశిల అని కూడా అంటారు. ఇప్పటికీ ఎన్నో పల్లెల్లో దానికి పూజలు జరుగుతాయి. నగరం నడిబొడ్డున అనే మాట ఈ ఊహ నుంచే పుష్టి పొందింది. ఇంగ్లీషువాడు నగరానికి గుండెను ఊహించుకుంటే మనం బొడ్డును ఊహించుకున్నాం. అయితే ఒక తేడా ఉంది. బొడ్డురాయి దగ్గర పండగనాడు జనం చేరతారు, సెంటర్లో రోజూ చేరతారు. అందువల్ల సెంటర్‌ను బొడ్డురాయికి వారసురాలని చెప్పలేను. రచ్చబండకూ కూడలికీ వారసురాలని చెప్పవచ్చు. కూడలి అన్న చక్కని మాట పత్రికల్లో బతికే ఉంది, కానీ ఆటోవాడితో ‘కూడలిలో ఆపు’ అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఇక మీ సహోద్యోగికి లాడ్జి ఎందుకు తట్టిందన్న సంగతి. నేటి ఇంగ్లీషులో ఒక పేరు తరువాత సెంటర్ వస్తే అది దాదాపు ఎప్పుడూ ఒక భవనం లేక ఒక సంస్థ. లండన్‌లో 1992లో ప్రారంభమైన నెహ్రూ సెంటర్, న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ అలాంటివి. షాపింగ్ సెంటర్, హెల్త్ సెంటర్, కాల్ సెంటర్, డేటా సెంటర్ అన్నిటిలోనూ ఒక పనిని ఒకచోట పోగుచేసి జరిపే కట్టడం అనే అర్థం ఉంది. ఈ అర్థం ఇంగ్లీషులో బాగా వ్యాపించినది 20వ శతాబ్దంలోనే. బ్రిటన్‌లో 1920 నాటి డాసన్ నివేదిక ప్రైమరీ హెల్త్ సెంటర్లు కావాలని సూచించింది; మన దేశంలో 1946 నాటి భోర్ కమిటీ అదే మాటను అందుకుంది, అలా మన పల్లెలకు పి.హెచ్.సి. వచ్చింది. కనుక ఇంగ్లీషు చెవికి లెనిన్ సెంటర్ అంటే లెనిన్ రచనలు చదువుకునే హాలు, హిందూ కాలేజీ సెంటర్ అంటే కాలేజీ నడిపే ఏదో శాఖ, లాడ్జి సెంటర్ అంటే గదులు అద్దెకిచ్చే ఒక పెద్ద భవనం. లెనిన్ సెంటర్ విషయంలో ఆ ఇంగ్లీషువాడు పూర్తిగా పొరబడినట్టూ కాదనుకోండి, అక్కడి పాత పుస్తకాల కొట్లలో ఒకప్పుడు సోవియట్ ప్రచురణలు బాగానే దొరికేవి.

ఈ భవనం అర్థాన్ని కూడా మనం వదల్లేదు. జిరాక్స్ సెంటర్, కోచింగ్ సెంటర్, సర్వీస్ సెంటర్ అన్నప్పుడు ఇంగ్లీషువాడి అర్థమే మనదీ. ‘అలంకార్ సెంటర్లో ఉన్న జిరాక్స్ సెంటర్’ అని ఒకే ఊపిరిలో రెండు అర్థాలూ వాడినా ఎవరూ తికమక పడరు. పరీక్షల కాలంలో ‘మా వాడికి సెంటర్ నరసరావుపేటలో పడింది’ అంటారు. అక్కడ సెంటర్ పడటం అంటే లాటరీ తగలడం లాంటి ధ్వని ఉంది, దూరంగా పడితే శాపం, దగ్గరలో పడితే అదృష్టం. తాపీపనివారి సెంట్రింగ్ మరీ విచిత్రమైన చుట్టం. ఇంగ్లీషు కట్టడపు పనిలో ఆర్చి కట్టేటప్పుడు రాళ్లు పడిపోకుండా కింద నిలబెట్టే చెక్క చట్రాన్ని సెంటర్ అనీ, ఆ ఏర్పాటును సెంటరింగ్ అనీ అనేవారు. మన మేస్త్రీలు ఆ మాటను ఆర్చి నుంచి విడదీసి, స్లాబు పోయడానికి కొట్టే రేకులకూ చెక్కలకూ సరుగుడు కర్రలకూ కలిపి అంటగట్టారు. స్లాబు గట్టిపడ్డాక ‘సెంట్రింగ్ విప్పారా?’ అని అడిగే ఇంటి యజమానికి ఆ మాటలో గ్రీకు ముల్లు ఉన్నదని తెలియాల్సిన పని లేదు.

సినిమావారి సెంటర్ మరో లోకం. బెజవాడ గాంధీనగర్ చాలా దశాబ్దాలు తెలుగు సినిమా పంపిణీదారుల అడ్డా కనుక ఇది మన ప్రాంతపు మాటే అనుకోవచ్చు. వారి లెక్కలో సెంటర్ అంటే సినిమా ఆడే ఊరు. పెద్ద పట్టణాలు ఎ సెంటర్లు, చిన్న పట్టణాలు బి, పల్లెల్లోని హాళ్లు సి. ప్రింట్లు కొద్దిగా ఉండే రోజుల్లో సినిమా ముందు ఎ సెంటర్లలో విడుదలై, అక్కడ అరిగిన ప్రింటే మెల్లగా బి, సి సెంటర్లకు దిగేది. అది పోయి అన్ని హాళ్లలోనూ ఒకేరోజు విడుదలయ్యే కాలం వచ్చినా, ‘బి, సి సెంటర్లలో బాగా ఆడుతుంది’ అన్న మాట మిగిలింది. ఇప్పుడది ఊళ్ల గురించి కాక ప్రేక్షకుల అభిరుచి గురించి చెప్పే మాట అయింది, కొంత చిన్నచూపుతో కూడా. తమాషా ఏమిటంటే, శతదినోత్సవ ప్రకటన వేసేటప్పుడు మాత్రం అవే సెంటర్లు ‘కేంద్రాలు’గా ముస్తాబై వచ్చేవి.

కేంద్రం అన్న మాట మీద తెలుగు వేసిన బరువు ఇంకా ఎక్కువ. అనువాదకుడిగా నాకు తలనొప్పి తెచ్చేది ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను. జిల్లా కేంద్రం అంటే ఇంగ్లీషులో డిస్ట్రిక్ట్ సెంటర్ కాదు, డిస్ట్రిక్ట్ హెడ్‌క్వార్టర్స్. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పటి నుంచి మండల కేంద్రం కూడా అలాంటిదే. జిల్లా కేంద్రం అన్నంత మాత్రాన అది పటం మధ్యలో గానీ, జనం మధ్యలో గానీ ఉండనక్కరలేదు. చాలాకాలం బెజవాడ ఎంత పెద్దదైనా కృష్ణా జిల్లాకు కేంద్రం సముద్రపు ఒడ్డున ఉన్న మచిలీపట్నమే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి ఎన్టీఆర్ జిల్లా చేసిన తరువాతే విజయవాడ ఒక జిల్లాకు కేంద్రమైంది. 1948 డిసెంబరులో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఇంగ్లీషులో స్టేషన్. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం స్టేషన్. పోలింగ్ కేంద్రం స్టేషన్, ఓట్ల లెక్కింపు కేంద్రం మాత్రం సెంటర్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం స్టేషన్, శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రం సెంటర్. గుంటూరు దగ్గరి లాం ఫారం వంటి చోట్ల మాత్రం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం అని స్టేషన్‌కు స్థానం అన్న వేరే మాట పెట్టారు, ఆ పేరు పెట్టినవారెవరో గానీ మెచ్చుకోవాలి. భూకంప వార్తల్లో వచ్చే భూకంప కేంద్రం సాధారణంగా ఎపిసెంటర్, అంటే భూగర్భంలో కదలిక పుట్టిన బిందువుకు నేరుగా పైన నేల మీద ఉన్న చోటు. పాఠ్యపుస్తకాలు దానిని అధికేంద్రం అనీ, లోపలి బిందువును నాభి అనీ సరిగానే విడదీస్తాయి.

అన్నిటికన్నా బలమైన అర్థం ఢిల్లీ. తెలుగు పత్రికలో విశేషణం లేకుండా కేంద్రం అని ఉంటే అది భారత ప్రభుత్వమే. భారతీయ ఇంగ్లీషులో కూడా పెద్ద అక్షరంతో మొదలయ్యే సెంటర్‌కు ఈ అర్థం ఉంది, అయితే లండన్ పత్రిక చదువరికి అది వెంటనే తట్టదు. రాజ్యాంగం వాడిన మాట యూనియన్; మొదటి అధికరణంలోనే భారత్ రాష్ట్రాల యూనియన్ అని ఉంది. మన పౌరశాస్త్రం పుస్తకాలు యూనియన్ జాబితాను కేంద్ర జాబితా అనే చెబుతాయి, 1983లో వేసిన సర్కారియా కమిషన్ కూడా సెంటర్, రాష్ట్రాల సంబంధాల కమిషన్‌గానే పేరు పెట్టుకుంది. రెండు మాటల మధ్య తేడా ఉత్త పండిత చర్చ కాదు. యూనియన్ అంటే కలిసినవారి కూటమి, సెంటర్ అంటే చుట్టూ ఉన్నవి తిరగడానికి ఆధారమైన మొన. 2021లో తమిళనాడు ప్రభుత్వం మత్తియ అరసు (కేంద్ర ప్రభుత్వం) అన్న అలవాటు మాటను మాని ఒన్రియ అరసు (యూనియన్ ప్రభుత్వం) అనడం మొదలుపెట్టినప్పుడు జరిగిన వాదమంతా ఈ తేడా మీదే. తెలుగులో ఆ మార్పు రాలేదు. రాజకీయ సిద్ధాంతాల్లో వామపక్షానికీ కుడిపక్షానికీ నడుమ ఉన్న సెంటర్‌ను మాత్రం మనం కేంద్రం అనము, మధ్యేవాదం అంటాము. ఫ్రాన్స్‌లో 1789 నాటి సభలో ఎవరు ఏ వైపు కూర్చున్నారన్న దాని నుంచి వచ్చిన మాటలవి.

ఢిల్లీ అర్థం ఇంత గట్టిగా పాతుకుపోవడం వల్ల ఒక చిక్కు వచ్చింది. ఇంగ్లీషులో సెంట్రల్ అంటే ముఖ్యమైనది, కీలకమైనది అని కూడా అర్థం. దానిని కేంద్ర అని మారిస్తే కథ చెడుతుంది. ‘కేంద్ర సమస్య’ అంటే తెలుగు చదువరికి ఢిల్లీ వారికి వచ్చిన కష్టం అనిపిస్తుంది. అసలు సమస్య, ప్రధాన సమస్య అనాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కేంద్రానికి ఢిల్లీతో పని లేదు, కేంద్ర సాహిత్య అకాడమీలో ఉంది. రెండూ రోజూ చదివే మనకు ఇది సహజంగా ఉంటుంది గానీ, తెలుగు నేర్చుకునేవారికి నరకం. ‘కేంద్రం వైఖరికి నిరసనగా లెనిన్ సెంటర్లో ధర్నా’ వంటి శీర్షిక మన జిల్లా పేజీలకు కొత్త కాదు. అందులో ఒకే గ్రీకు మాట రెండు వేషాల్లో ఎదురెదురుగా నిలబడి ఉంది.

మీరు చివర్లో సెంటు కూడా ఇదేనా అని అడిగారు. కాదు. స్థలాల లెక్కలో సెంటు ఎకరంలో నూరో వంతు, అంటే 48.4 చదరపు గజాలు. అది వంద అని చెప్పే లాటిన్ సెంటమ్ నుంచి వచ్చింది. బట్టల మీద చల్లుకునే సెంటు వాసన అని చెప్పే వేరే ఇంగ్లీషు మాట.

స్పెల్లింగు గురించి రెండు ముక్కలు. చివర ఆర్ తరువాత ఇ వచ్చేది బ్రిటిష్, ఇ తరువాత ఆర్ వచ్చేది అమెరికన్ అని మీకు తెలుసు. ఇది అమెరికావారి చేష్ట మాత్రమే అనుకోకండి. ఒకప్పుడు ఇంగ్లండులోనూ రెండో పద్ధతి బాగా నడిచింది, 1755లో జాన్సన్ నిఘంటువు మొదటి పద్ధతిని ఎంచుకున్న తరువాత అక్కడ అది స్థిరపడింది. అమెరికాలో వెబ్‌స్టర్ రెండోదాన్ని నిలబెట్టాడు. భారతదేశంలో ప్రభుత్వ పత్రాలు బ్రిటిష్ పద్ధతే పాటిస్తాయి. ఒక వ్యాసంలో ఒక పద్ధతే ఉంచండి, అంతే. క్రియగా వాడేటప్పుడు సెంటర్ తరువాత ఎరౌండ్ పెట్టడాన్ని కొందరు గురువులు ఒప్పుకోరు, మొన చుట్టూ ఉండదు కదా అన్నది వారి వాదం. జనం వాడుతూనే ఉన్నారు. పరీక్షలో మాత్రం ఆన్ పెట్టడమే క్షేమం.

మీ వాక్యానికి వస్తే, చిరునామాలో లాడ్జి సెంటర్‌ను ఏమాత్రం మార్చవద్దు. అది పేరు, పేరును దిద్దే హక్కు వ్యాకరణానికి లేదు. దిద్దితే పోస్టుమ్యాన్‌కూ డెలివరీ కుర్రాడికీ కష్టం. వర్ణనలో మాత్రం బయటివాడికి తోడ్పడే మాట ఒకటి చేర్చండి. లాడ్జి సెంటర్ అని పిలిచే రద్దీ కూడలికి దగ్గరలో మా ఇల్లు అని రాయాలనుకుంటే జంక్షన్ అనండి, బ్రిటిష్ చదువరి కోసమైతే క్రాస్‌రోడ్స్, అమెరికన్ కోసమైతే ఇంటర్‌సెక్షన్. గుంటూరులో చాలా సెంటర్లు ఉన్నాయన్న వాక్యాన్ని తీసేయకండి. దాని పక్కనే, మా వైపు రోడ్లు కలిసే ప్రతి సందడి చోటునూ సెంటర్ అంటారని ఒక్క వాక్యం పెట్టండి. అప్పుడు మీ సహోద్యోగికి లాడ్జి గురించి అడగాల్సిన అవసరం ఉండదు.